గాలికుంటు ఎవరు తెచ్చినారు?

గాలికుంటు అనే మాట మన క్లాసులో ఎంతమందికి తెలుసో చూద్దామని మొన్న అడిగాను. టౌనులో పుట్టి పెరిగినవాళ్ళు గాలిపటం లాంటిదేదో అనుకున్నారు. పల్లెల నుంచి బస్సెక్కి వచ్చేవాళ్ళలో మాత్రం ఒకరిద్దరి ముఖాలు మారిపోయాయి. గొడ్లున్న ఇంట్లో పెరిగినవాళ్ళకు ఆ ఒక్క మాట చాలు.

మాది దేన్కనికోట తాలూకాలో అడవి అంచున ఉండే ఊరు. మా ఊరి తెలుగు ఇళ్ళలో దీన్ని గాలికుంటు అంటారు. కన్నడం ఇళ్ళలో కాలుబాయి బేనె. పశువుల ఆస్పత్రి గోడ మీద తమిళంలో కోమారి నోయ్ అని రాసి ఉంటుంది. మూడూ ఒకే రోగం పేర్లు. కన్నడం పేరు రోగం ఎక్కడ కనబడుతుందో చెప్తుంది, కాల్లో, నోట్లో. మన పేరు అది ఎట్లా వస్తుందో చెప్పాలని చూస్తుంది. గాలిలాగా వచ్చి కుంటేటట్టు చేస్తుంది. తెలుగులో గాలి అంటే వీచే గాలి ఒకటే కాదు. కంటికి కనబడనిది ఏదైనా తగిలితే 'గాలి సోకింది' అంటాం కదా. పేరు పెట్టినవాళ్ళు ఏ జంతువు మీదా నేరం వేయలేదు. ఆ పని మా ఊరు చేసింది.

రోగం ఇట్లా ఉంటుంది. ముందు జ్వరం. మేత మానేస్తుంది. నోట్లోంచి చొల్లు తీగలు తీగలుగా కారుతుంటే చప్పరిస్తా నిలబడుతుంది. నాలుక మీద, చిగుళ్ళ మీద, గిట్టల చీలికలో, చనుకట్ల మీద నీటిబొబ్బలు లేచి, చితికి, పుండ్లవుతాయి. పాలు పూటపూటకూ తగ్గిపోయి చివరికి చెంబు అడుగున మిగులుతాయి. పెద్ద గొడ్లు ఎక్కువగా చావవు. దూడలే చస్తాయి. వైరస్ వాటి లేత గుండెకండను పట్టుకుంటుంది. చచ్చిన దూడను కోసి చూస్తే గుండె మీద పాలిపోయిన చారలు కనబడతాయట. డాక్టర్లు దానికి పెట్టుకున్న పేరు 'పులిగుండె'. ఇంత దిగులు సంగతికి అంత బాగుండే పేరు పెట్టాలని వాళ్ళకెట్లా తోచిందో!

గిట్ట రెండుగా చీలిన జంతువులకు ఇది వస్తుంది. ఆవు, ఎనుము, గొర్రె, మేక, పంది. అడవిలో అయితే జింక, దుప్పి, అడవిపంది, అడవిదున్న. గిట్ట చీలకపోయినా ఏనుగుకు కూడా సోకుతుంది. గుర్రానికి సోకదు. 1898లో జర్మనీలో లోఫ్లర్, ఫ్రాష్ అనే ఇద్దరు ఈ రోగానికి కారణం బాక్టీరియా కన్నా చిన్నదని చూపించారు. జంతువుల్లో మొట్టమొదట పట్టుకున్న వైరస్ ఇదే. అంటే మనుషులు జంతువుల వైరస్‌లను అర్థం చేసుకోవడం మొదలుపెట్టిందే మా అవ్వ వేపాకు వేసి కడిగే ఈ గిట్టల పుండు దగ్గర.

రెండేళ్ళ కిందట, నేను ప్లస్ టూలో ఉన్నప్పుడు, మాఘమాసంలో అది మా వీధికి వచ్చింది. మాకు రెండు ఆవులు. చుక్కి అప్పుడే ఈనింది, కోడెదూడ. ఇంకొకటి ముసలిది. సొసైటీకి పోసే పాలతోనే అమ్మ నా పుస్తకాలు, బస్సు పాసు, తమ్ముడి ఫీజు నడిపిస్తా ఉండేది. నాయన రాగి పండిస్తాడు. కానీ మా పక్క రాగి ఇంటికొచ్చేదాకా మనది కాదు. చలికాలంలో బన్నేరుగట్ట వైపు నుంచి ఏనుగులు దిగుతాయి. అందుకని పాలే మాకు నమ్మకమైన పంట.

మా ఊరి పడమటి వైపు ఒక కుంట ఉంది. ఎండలు ముదిరేకొద్దీ అడవిదున్నలు రాత్రిపూట అక్కడికి నీళ్ళకు వస్తాయి. కన్నడంలో కాటి అంటారే, అవి. చూడని వాళ్ళకు చెప్తున్నాను, మోకాలి దాకా తెల్లటి మేజోళ్ళు తొడుక్కున్నట్టుంటాయి. తల ఎత్తి చూసినాయంటే మన ఊపిరి ఆగుతుంది. ఆ మాఘంలో ఒక మంగళవారం రాత్రి ఏడెనిమిది వచ్చి నీళ్ళు తాగి పోయాయి. బురదలో గిట్టల గుర్తులు తెల్లారి అందరూ చూశారు. శనివారానికి మా చుక్కి చొల్లు కార్చింది. ఆ తరువాత వారంలో తొమ్మిది ఇళ్ళ గొడ్లు పడ్డాయి. చుక్కి దూడ సోమవారం పొద్దున పాలు తాగి, నాలుగడుగులు వేసి, కూలబడి చచ్చిపోయింది. రోగం పాలల్లోనే ఉంటుందని, పాలు తాగనియ్యకుండా దూడను ముందే వేరే కట్టేయాలని మాకు చెప్పడానికి డాక్టరు వచ్చింది బుధవారం.

ఇంక ఊరంతా ఒకటే మాట. "ఆ దున్నలే తెచ్చినాయి." ఎట్లా కాదంటారు? మంగళవారం దున్నలు వచ్చినాయి, శనివారం రోగం వచ్చింది. అందరూ కళ్ళారా చూసినారు కదా.

గురువారం సాయంత్రం సొసైటీ ముందర అరుగు మీద కూడినారు. కుంటకు ముళ్ళకంప వేసేద్దాం అన్నారు కొందరు. ఫారెస్టువాళ్ళకు అర్జీ పెడదాం అన్నారు పెద్దవాళ్ళు. మా వయసు మగపిల్లలు ఇద్దరు ముగ్గురు మాత్రం వెనకాల నిలబడి, పందుల కోసం పండ్లలో పెట్టే నాటుబాంబు గురించి మాట్లాడుకున్నారు. అడవిదున్న 1972 నాటి వన్యప్రాణి చట్టంలో పులితో పాటు మొదటి షెడ్యూలులో ఉంది. దాన్ని చంపితే జైలు. అది వాళ్ళకు తెలియక కాదు. దూడ చచ్చిన ఇళ్ళు ఆ పాటికి నాలుగు. కోపానికి ఏదో ఒకటి కావాలి.

మా అమ్మ ఆ రోజు పాలపుస్తకం చేతిలో పట్టుకొని పోయింది. నేనూ వెంట పోయాను, అందుకే ఇంత వివరంగా రాయగలుగుతున్నాను. సొసైటీలో ప్రతి ఇంటికీ ఒక పుస్తకం ఉంటుంది. పొద్దున ఎన్ని లీటర్లు, సాయంత్రం ఎన్ని లీటర్లు, వెన్న శాతం ఎంత, రోజూ రాస్తారు. అమ్మ చదివింది అయిదో క్లాసు. కానీ లెక్క దగ్గర ఆమెను మోసం చేయడం మా ఊళ్ళో ఎవరి వల్లా కాదు. సొసైటీ సెక్రటరీని అడిగి అందరి లెక్కా ఒక్కసారి చదవమనింది. ఎవరి పాలు ఏ రోజు పడినాయి అని, అంతే.

మొదట పడింది మా మామ ఇంట్లో. సోమవారం సాయంత్రం. దున్నలు కుంటకు రావడానికి ఒక రోజు ముందు.

మామ అంటే అమ్మకు సొంత తమ్ముడు. మా ఇంటి గోడ, వాళ్ళ గోడ ఒకటే. అంతకు ముందు గురువారమే గొడ్ల పరస నుంచి ఒక సీమావును తోలుకొచ్చినాడు. చూడ్డానికి నిగనిగలాడతా ఉండింది. నాలుగో రోజు మేత మానేస్తే, 'లారీలో వచ్చిన అలసట' అన్నాడు. రెండోది మా ఇల్లు. తరువాత మా వీధిలో ఒకే తొట్టిలో నీళ్ళు తాపే ఇళ్ళు, వరసగా. కుంట పక్కనే ఉండే రెండు ఇళ్ళలో పాలు పడింది అందరికన్నా ఆఖరున. దున్నలే తెచ్చి ఉంటే ఆ ఇళ్ళే ముందు పడాల కదా అని అమ్మ అడిగింది.

ఎవరూ మాట్లాడలేదు. మామే లేచినాడు. "అక్కా, నీ ఆవుకు సూది వేయించినావా?" అన్నాడు. అది కూడా నిజమే. ఆరునెలల కిందటి విడతలో చుక్కి చూలుతో ఉందని, సూది వేస్తే ఈచుకుపోతుందేమోనని అమ్మే వద్దనింది. మా ఊళ్ళో చాలామంది అట్లానే చేస్తారు. సూది వేస్తే రెండు రోజులు పాలు తగ్గుతాయని ఆవును తోటలో దాచేవాళ్ళు కూడా ఉండారు. అమ్మ ఆ మాటను కాదనలేదు. "వేయించలా. అందుకే నా దూడ పోయె. దానికి దున్నను చంపమంటావా?" అనింది. మామ అరుగు దిగి వెళ్ళిపోయినాడు. ఆ ఉగాదికి రెండిళ్ళ మధ్య ఒబ్బట్లు అటూ ఇటూ నడవలేదు.

కుంటకు కంప వేయలేదు. బాంబు మాటా వినబడలేదు.

ఈ రోగం విషయంలో నాకు తెలిసినదంతా ఆ తరువాత తెలుసుకున్నదే. డాక్టరును అడిగాను, దొరికింది చదివాను. సైన్సు గ్రూపు కాదు కాబట్టి నాకు అర్థమైనంతే రాస్తున్నాను. సోకిన రెండు రోజుల నుంచి పదునాలుగు రోజుల లోపల ఎప్పుడైనా బయటపడుతుంది. బయటపడక ముందే ఆవు ఊపిరిలో, పాలలో వైరస్ వస్తా ఉంటుంది. పరసలో నిగనిగలాడే ఆవును చూసి ఎవరూ కనుక్కోలేరు. మామ తప్పు కూడా నిజానికి అంతే, కొన్నదాన్ని నేరుగా తెచ్చి అందరి తొట్టి దగ్గర కట్టేయడం. గాలి మాట కూడా అబద్ధమేమీ కాదు. 1981లో ఫ్రాన్సు తీరం నుంచి ఈ వైరస్ సముద్రం మీదుగా గాలిలో కొట్టుకుపోయి ఇంగ్లండు పక్కనున్న దీవుల్లో ఆవులకు సోకింది. చల్లటి తడిగాలి ఉండాలి దానికి. మా మాఘపు ఎండలో అంత దూరం బతకదు. మా ఊళ్ళో దానికి లారీ, తొట్టి, పాలచెంబు, చెప్పులు చాలు.

అయితే అడవి జంతువులకు ఏ పాపమూ తెలియదని రాస్తే అది కూడా అబద్ధమే అవుతుంది. దక్షిణ ఆఫ్రికాలో క్రూగర్ అనే పెద్ద అభయారణ్యం ఉంది. అక్కడి అడవి ఎనుముల గొంతులో గాలికుంటు వైరస్ ఏళ్ళ తరబడి కాపురం ఉంటుంది. ఒక్కొక్క దాంట్లో అయిదేళ్ళ దాకా. వాటికి పెద్దగా ఏమీ కాదు. పక్కన ఊరి ఆవులు మేస్తే వాటికి వస్తుంది. అక్కడ రైతు ఎనుమును చూసి భయపడటానికి కారణం ఉంది. అందుకే కంచెలు కట్టారు. పక్క దేశం బోట్స్వానాలో కూడా 1950ల నుంచి వందల మైళ్ళ కంచెలు వేశారు. కరువు వచ్చినప్పుడు నీళ్ళ కోసం నడిచే విల్డబీస్ట్‌లు, మన అడవిదున్నలాగా మందలుగా తిరిగే ఒక రకం జింకలు, ఆ కంచెలకు ఆనుకొని వేలకొద్దీ చచ్చిపోయాయి. కానీ క్రూగర్ ఎనుములు మోసే వైరస్ రకాలు వేరు. మన దేశంలో తిరిగేవి ఓ, ఏ, ఏషియా-1 అనే మూడు రకాలు. వీటిని ఊరి గొడ్లే ఒకదానికొకటి ఇచ్చుకుంటా నిలబెడుతున్నాయి. ఆఫ్రికా ఎనుము మీది సాక్ష్యాన్ని తెచ్చి మా కుంట దగ్గర దున్న మీద పెట్టలేం.

మా డాక్టరు ఇంకొక మాట అన్నాడు. "ఆ దున్నల నోరు తెరిచి చూసినవాడు ఎవడమ్మా? మీ గొడ్ల నుంచి వాటికే సోకి ఉండొచ్చు. కుంటింటే వెనకబడింటుంది, వెనకబడితే రేసుకుక్కలు తినేసింటాయి. మనకు లెక్క రాదు." ఆ మాట నాకు చాలా రోజులు గుర్తుండిపోయింది. మా చుక్కికి జీలకర్ర, మెంతులు, మిరియాలు నానబెట్టి, వెల్లుల్లి, పసుపు, బెల్లం, కొబ్బరి కలిపి నూరి అవ్వ రోజుకు మూడుసార్లు నాలుక మీద పూసింది. గిట్టలకు కుప్పింటాకు, వేపాకు నూనెలో కాచి రాసింది. దున్నకు ఎవరు రాస్తారు?

ఇట్లా మన వైపు నుంచి అటు పోయిన రోగాల కథ పెద్దది. అన్నిటికన్నా పెద్దది పెద్దరోగం. పేరే అది. కన్నడంలో దొడ్డరోగ, తమిళంలో వెక్కై నోయ్, పుస్తకాల్లో పశువుల ప్లేగు. అవ్వకు బాగా గుర్తు, ఒక్క వారంలో కొట్టాలు ఖాళీ అయ్యేవట. 1887 ప్రాంతంలో ఇటలీ సైన్యం కోసం ఓడలో దించిన గొడ్లతో అది ఆఫ్రికా తూర్పు తీరానికి వచ్చిందని చరిత్ర రాసినవాళ్ళు చెప్తారు. పదేళ్ళలో ఖండం దక్షిణపు కొస దాకా పోయింది. గొడ్లు పోయి, దున్నే ఎద్దులు లేక, ఇథియోపియాలో మనుషులు లక్షల్లో చచ్చారు. అడవి ఎనుములూ, విల్డబీస్ట్‌లూ కూడా అట్లాగే పోయాయి.

తరువాత చాలా కాలం టాంజానియాలోని సెరెంగెటీ మైదానంలో ఏటా విల్డబీస్ట్ దూడలు దీనితో చస్తా ఉండేవి. అవే ఈ రోగానికి పుట్టిల్లు అనుకున్నారు. 1950ల్లో, 60ల్లో చుట్టుపక్కల ఊళ్ళ ఆవులకు టీకాలు వేశారు. ఆవులకు మాత్రమే. అడవిలో దేనికీ ఒక్క సూది కూడా వేయలేదు. 1963 నాటికి విల్డబీస్ట్‌ల్లో రోగం కనబడకుండా పోయింది! రెండున్నర లక్షలుండేవి 1970లు ముగిసేసరికి పది లక్షలు దాటాయి. మా అమ్మ పాలపుస్తకం లాంటి సాక్ష్యమే ఇది, కాకపోతే కొంచెం పెద్ద పుస్తకం.

అంత దూరం ఎందుకు, 1968లో మన పక్కనే బండిపుర, ముదుమలై అడవుల్లో అడవిదున్నలు పెద్దరోగంతో గుంపులు గుంపులుగా పోయాయి. అప్పట్లో ఆ అడవుల్లోకి ఊరి గొడ్లను మేతకు తోలేవాళ్ళు. ఈ రోగం కోసమే మన రాష్ట్రంలో రాణిపేటలో 1932లో సీరం తయారుచేసే సంస్థ పెట్టారు. ఊరూరా టీకాలు వేసి వేసి, 1995 తరువాత మన దేశంలో అది కనబడలేదు. 2011లో ప్రపంచంలోనే లేదని ప్రకటించారు. మశూచి తరువాత భూమి మీద నుంచి పూర్తిగా తుడిచేసిన రోగం ఇదొక్కటే. ఇక్కడ కూడా అడవిదున్నకు ఎవరూ సూది వేయలేదు. దున్నే దాని పుట్టిల్లయితే ఈపాటికి మళ్ళీ మా ఊరికి వచ్చుండాలి.

మేకలకు వచ్చే పారుడు రోగం దీని చెల్లెలు లాంటిది. మన దేశంలో మొదట గుర్తించింది 1987లో, మన తమిళనాడులోనే, విళుప్పురం వైపు అరసూరులో. అది 2016లో మంగోలియా గొర్రెల్లోకి పోయి, వాటి నుంచి సైగా అనే జింకలకు సోకి వేలల్లో చంపింది. ఆఫ్రికన్ స్వైన్ ఫీవర్ 2020లో ఈశాన్య రాష్ట్రాల్లో పెంపుడు పందుల్లో మొదట కనబడి, 2023 జనవరికి ముదుమలై అడవిపందుల దాకా వచ్చింది. 1924లో అమెరికాలోని కాలిఫోర్నియాలో గాలికుంటు ఆవుల నుంచి జింకలకు పోయిందని ఒకే అడవిలో 22,000 జింకలను కాల్చి చంపారు. వాటిలో రోగం గుర్తులు కనబడింది పదింట ఒకదానికి. మిగతా తొమ్మిదీ అడవిలో పుట్టిన పాపానికి పోయినట్టే.

అడవి మీద ప్రేమతో ఇదంతా రాస్తున్నానని ఎవరైనా అనుకుంటే, వాళ్ళను ఒక రాత్రి మా మంచె మీద పడుకోబెడతాను. ఏనుగు తొక్కిన రాగి చేను చూస్తే నాకూ ఏడుపు వస్తుంది. ఇది ప్రేమ సంగతి కాదు. దున్నను తరిమేస్తే మా ఆవులకు రోగం రాకుండా పోతుందా, పోదా అన్నది. పోదు. కుంటకు కంప వేసుంటే, ఆ పని అయిపోయిందని అందరం ఇళ్ళకు పోయుందుము. సూది మళ్ళీ ఎగ్గొట్టుందుము. మరుసటి పరసకు మళ్ళీ ఇంకొక ఆవు నేరుగా తొట్టి దగ్గరకు వచ్చుండేది.

2019 నుంచి కేంద్రం జాతీయ పథకం కింద ఈ టీకా ఆరునెలలకొకసారి ఉచితంగా వేస్తున్నారు. దూడకు నాలుగు నెలలు నిండాక మొదటిది, నెలకు ఇంకొకటి. వేసినాక చెవికి పసుపు రంగు పోగు కుట్టి, కంప్యూటరులో నంబరు ఎక్కిస్తారు. ఇప్పుడు మా వీధిలో సూదివాళ్ళు వచ్చే రోజు అమ్మ ఇల్లిల్లూ తిరిగి చెప్తుంది. తోటలో దాచినవాళ్ళ పేర్లు గట్టిగా పిలుస్తుంది. అందుకని ఆమె అంటే కొంతమందికి పడదు. చూలు ఆవుకు వేయించాలా వద్దా అనేది ఆమె ఇప్పుడు తనకు తానే నిర్ణయించదు, డాక్టరును అడుగుతుంది.

చుక్కి బతికింది. కానీ పాలు మళ్ళీ మునుపటిలాగా రాలేదు. ఎండలో నిలబెడితే రొప్పుతుంది. ఈ రోగం తగిలిన ఆవులకు అట్లాగే ఉంటుందట. అమ్మ దాన్ని అమ్మలేదు.

మామ మా ఇంటికి మళ్ళీ వచ్చింది మరుసటి సంక్రాంతికి, అవ్వ కబురంపితే. ఆ రోజు జరిగిందాని గురించి ఇప్పటికీ ఎవరూ మాట్లాడరు. ఆవు పరస నుంచి రోగం తెచ్చిందని ఆయన ఒప్పుకోలేదు కూడా. కిందటి నెలలో ఇంకొక పెయ్యను కొన్నాడు. దాన్ని ఊళ్ళోకి తేకుండా పొలంలో రేకుల కొట్టంలో కట్టేసి, బక్కెట్టుతో నీళ్ళు మోసి మూడు వారాలు అక్కడే ఉంచినాడు. ఎందుకు మామా అని అడిగితే, "ఇంటికాడ తావు లేదు" అన్నాడు. పెయ్య వచ్చి ఎన్ని రోజులైందో అవ్వ మాత్రం గోడ మీద బొగ్గుతో గీతలు గీసి పెట్టింది. ఇరవై రెండో గీత నాడు మామే వచ్చి, ఇంక తోలుకొస్తానని అమ్మతో చెప్పి పోయినాడు.